పక్కంగడి కదిరమ్మ

ఏమ్మా పవిత్రా, ఏమంటివి? ఏజెంటు రక్తం తీయకుండానే డాక్టరు చీటీ తెప్పిస్తానన్నాడా? కేకులు చేసి అమ్మేదానికి లైసెన్సు కావాల, లైసెన్సుకి ఒళ్ళు బాగుండాదని చీటీ కావాల, ఆ చీటీ నువ్వు ఇంట్లో కూర్చోనుంటే వాడు తెచ్చిస్తాడంట. బాగుండాది. కూర్చో ఈడ. ఆ చెంబు పక్కకి జరుపు. నేను పప్పు కడుక్కుంటానే మాట్లాడతా, చెవి నాదే మందం, నీదేం కాదు గదా. నీకు కదిరమ్మ తెలీదు. యాడ తెలుస్తాది, అప్పుడు నువ్వు రెండు జడలేసుకొని బడికి పోతా ఉంటివి. మన మూకండపల్లిలో ఫ్యాక్టరీ గేటు ముందర నా ఇడ్లీ బండి ఉండాది గదా, దానికి ఎడంపక్క ఖాళీగా ఉండాదే, ఆ తావులో రాగిముద్దలు అమ్మతా ఉండె. సామల్పట్టి పక్కనుంచి వచ్చింది. మొగుడు పోయినాక తట్టా బుట్టా ఎత్తుకొని బస్సెక్కి వచ్చి, నేరుగా నా పక్కనే పొయ్యి పెట్టింది మహాతల్లి. ఇంత పెద్ద హోసూర్లో దానికి ఇంగ యాడా తావు దొరకలే!

మేమిద్దరం ఉప్పూ నిప్పూ. దాని కట్టెలపొయ్యి పొగంతా నా ఇడ్లీల మీదికే. "కదిరమ్మా, ఆ పొయ్యి అవతలికి తిప్పవే" అంటే, "పోయి గాలికి చెప్పుకో, నాకెందుకు చెప్తావు" అనేది. షిఫ్టు ఇడిచిన పిల్లోళ్ళు నా బండి కాడ నిలబడితే చాలు, అందరికీ వినబడేటట్టు, "తినండ్రా నాయినా, దూది తినండి, వీధి చివరికి పోయేలోపల మళ్ళా ఆకలైతాది, అప్పుడు నా దగ్గిరికి రండి" అని అరిచేది. నేనేమన్నా తక్కువ తిన్నానా? "ముద్ద మింగినోళ్ళు మిషను కాడే నిద్రపోతారు, వేళ్ళు భద్రం" అనేదాన్ని. అయితే ఒగటి చెప్పల్ల. దాని బస్సారు, అదేమ్మా, ఆకుకూర ఉడకేసి, వంచిన నీళ్ళతోనే చేస్తారు సూడు ఆ చారు, అబ్బ! దాని ఎదురుగా ఎప్పుడూ బాగుండాదని చెప్పలే. మిగిలిందంటే, "కుక్కకి పోసేదానికి బదులు నువ్వే తిను" అని నా గిన్నెలో పోసేది. "కుక్క వద్దనిందా" అంటానే గిన్నె నాకేసేదాన్ని.

ఆ, ఏం చెప్తా ఉంటిని? ఫుడ్ సేఫ్టీ ఆయన. వచ్చినాడు ఒగ పొద్దు. తమిళాయన, మంచోడే. "లైసెన్స్ ఇల్లామ కడై పోడక్కూడాదుమ్మా" అన్నాడు. లైసెన్సు లేకుండా అంగడి పెట్టకూడదంట. నీళ్ళ డ్రమ్ముకి మూత ఉండల్ల, తలకి గుడ్డ కట్టల్ల, చేతికి గ్లౌసు వెయ్యల్ల. నాకేమి, ఇడ్లీ గరిటెతో తీసి ఆకులో పెట్టేదే. దానికొచ్చింది తంటా. పొగలు కక్కే ముద్దని ఎవురన్నా ప్లాస్టిక్ గ్లౌసుతో కడతారా? అది కట్టి చూపించింది. గ్లౌసు పోయి ముద్దకి అతుక్కునె. "తినండి సార్, ఇది సర్కారు ముద్ద" అని ఆయనకే పెట్టింది! ఆయన నవ్వినాడు. "సరేమ్మా, గ్లౌసు వద్దు. చేతులు సోపేసి కడుక్కో, గోళ్ళు తీసెయ్. మెడికల్ మాత్రం తప్పదు. నీకు టైఫాయిడ్డో ఇంగోటో ఉంటే తినేవాళ్ళకి అంటుకుంటాది గదా" అన్నాడు. న్యాయమే.

మెడికల్ అనే మాట వింటానే దాని మొగం వాడిపోయింది. ఎందుకంటే దానికి అప్పటికే ఒంట్లో బాగలేదు. పక్కంగడిదాన్ని, నాకు తెలీకుండా పోతాదా? ముద్ద గెలికే కట్టె కొంచెం తిప్పితే చాలు, ఆయాసం. గోళ్ళూ పెదాలూ తెల్లగా పాలిపోయి ఉండె. ముద్దలోకేసే నూకలు పచ్చివే నమలతా కూర్చునేది. "ఆస్పత్రికి పోవే" అంటే "ఎండకి ఇట్లుండాది" అనేది. వాన పడతా ఉంటే "చలికి" అనేది. దాని భయం వేరే. రక్తంలో ఏమన్నా కనపడితే అంగడి మూయిస్తారని. అంగడి లేకపోతే సామల్పట్టికి తిరిగిపోయి, మరిది ఇంట్లో ఒగ మూల పడుండల్ల. "ఒగరు పెట్టింది తిని బతకను వరమ్మా, నేను పెట్టే బతకతా" అనింది ఒగసారి. బెంచీ ఎవురిదని కొట్లాడుకుంటా ఉంటే మధ్యలో ఆ మాట అనింది సూడు, బెంచీ దాని పక్కకే జరిపేస్తిని.

అంగళ్ళోళ్ళకి రక్తం చూసే క్యాంపు పెట్టినారు, నేను పోయినాను. షుగరుండాదన్నారు. "అంగడి మూసేస్తారా సార్" అని ఏడుపుగొంతుతో అడిగితే డాక్టరు, "షుగరు ఇడ్లీకి అంటుకోదు లేమ్మా" అని మాత్రలు రాసి సంతకం పెట్టేసినాడు. అంటురోగం ఉంటేనే ఆపుతారంట, అది కూడా నయమయ్యేదాకా. ఆ సాయంత్రమే దానికి చెప్పినాను. "దేనికీ భయపడే పని లేదే, రక్తం తక్కువైతే మందిస్తారంతే" అని. అది నా మొగం చూసింది. మళ్ళా, "నేనూ పోయొచ్చినాలే పొద్దున్నే, నాకేమీ లేదంట" అని పొయ్యి ఊదేదానికి వంగిపోయింది.

చీటీ వచ్చె, లైసెన్సు వచ్చె. రెండూ కవర్లో పెట్టి అంగడి పైన రేకుకి కట్టింది. ఆపొద్దు నుంచి నా నోరు మూతబడింది. "ఏమే, అట్ల రొప్పతావు, డాక్టరు దగ్గిరికి..." అనేలోపలే చెయ్యి పైకెత్తి చూపించేది. "సూడు. నాకేమీ లేదని సర్కారే చెప్పింది. రోగం నీకే." దానికి చదువు రాదు. తినేదానికొచ్చిన పిల్లోళ్ళతో చదివించుకునేది. "కదిరమ్మకి ఏ రోగమూ లేదు, ఆరోగ్యంగా ఉండాది" అని వాళ్ళు చదివితే దాని మొగమంతా నవ్వే.

ఒగ పొద్దు, ముద్ద కడతా కడతా అట్లే పడిపోయింది. కృష్ణగిరి పెద్దాస్పత్రికి ఎత్తుకుపోయినాము. కడుపులో పుండంట. లోపల్లోపలే రక్తం కారతా ఉండాదంట, ఎన్నాళ్ళ నుంచో. "ముందే ఒగసారి రక్తం చూసింటే పట్టుకుని ఉందుము" అన్నాడు ఆడుండే డాక్టరు. నాకు మండింది. "చూసినారు సార్! ఏమీ లేదని చీటీ ఇచ్చినారు!" అని వార్డంతా అదిరేటట్టు అరిచినాను. పాపక్క వచ్చి నా చెయ్యి పట్టుకొని బయటికి లాక్కుపోయింది. పాపక్క అంటే దాని చెల్లెలు, బర్గూరులో రాళ్ళకి పాలిషేసే పనికి పోతాది, అచ్చం అక్క మాదిరే ఉంటాది. "అరవద్దక్కా, వాళ్ళ తప్పేమీ లేదు. ఆపొద్దు క్యాంపుకి పోయింది నేను. కదిరమ్మ అని పేరు చెప్పి చెయ్యి చాపితిని. రవ్వంత రక్తమే గదా పాపా, నాకోసరం ఇచ్చిరా అనింది" అని, ఆడనే నేలమీద కూలబడింది.

నేనేమి అడగల్ల దాన్ని? అక్క అడిగితే చెల్లెలు ఇయ్యదా? నాకు అర్థం కానిది కదిరమ్మే. ఆ చీటీలో రక్తం ఎవురిదో దానికి తెలుసు. తెలిసీ, పదిమందితో చదివించుకొని చదివించుకొని, అది తనదే అని నమ్మేసినట్టుండాది పిచ్చిది. రక్తం ఎక్కించల్లన్నారు. పాపక్కదే కలిసింది. అప్పుడు అక్క పేరుకిచ్చింది, ఇప్పుడు అక్క ఒంటికిచ్చింది. ఒంటికిచ్చింది నిలవలే. కొంచెం తెలివొచ్చినప్పుడు నన్ను దగ్గిరికి పిలిచి, "ఏమే, నా తావులో ఎవురన్నా పొయ్యి పెట్టినారా?" అనింది. "పెట్టినారు, బిర్యానీ అంగడి పెట్టినారు, లేచొచ్చి కొట్లాడు" అన్నాను. అబద్ధం. రోషానికైనా లేస్తాదనుకున్నా. కళ్ళు మూసుకునింది, అంతే.

ఇప్పుడు నా ఇడ్లీకి పొగ లేదు, తెల్లగా ఉంటాది. కొట్లాడేవాళ్ళు లేరు. పక్కకి తిరిగి ఒగ మాట అందామంటే ఎవురుండారు? తినేవాళ్ళు ఫోను చూసుకుంటా తినేసి పోతారు. ఒంటిగా ఉండాదమ్మా, చెప్పేదానికి సిగ్గేమి. బీహారూ ఒరిస్సా పిల్లోళ్ళు ఇప్పుడొచ్చేది, వాళ్ళకి ఆడ ఒగ మనిషి ఉండిందని కూడా తెలీదు. మొన్న ఒగ పిల్లోడు వచ్చినాడు, పిల్లోడేంది, తల నెరిసిండాది. ముందు ఈడనే పనిచేసి కోయంబత్తూరుకి పోయినాడంట, మళ్ళా ఈ గేటుకే వచ్చినాడు. ఆ ఖాళీ తావు చూసి, "అమ్మా, ముద్దమ్మ యాడ?" అన్నాడు. ఎంత కాలమైంది తల్లీ, దాన్ని ఎవురన్నా అడిగి! "ఊరికి పోయిండాది నాయినా, వస్తాది" అన్నాను. నిన్న మళ్ళా వచ్చినాడు. "ఇంగా రాలేదా?" అన్నాడు. "రాలే" అన్నాను. అట్ల చూడొద్దు పవిత్రా. చచ్చిపోయిందని చెప్పేస్తే, వాడు రేపు అడగడు గదా.