ఎడమ పక్క సైకిలు

హిజ్లీ ఇంజనీరింగ్ క్యాంపస్‌లో ఒక ల్యాబ్. రైల్వే వర్క్‌షాపులో రిటైరై స్కూలు వ్యాన్ నడుపుకుంటున్న నూకయ్య, రోడ్డు చూపించే మూడు తెరల ముందు ఉత్తుత్తి కారులో కూర్చున్నాడు. పక్కనే పీహెచ్‌డీ చేస్తున్న కూతురు స్వర్ణకుమారి.

"మళ్లీ గుద్దీసినావు నాన్నా."

"ఎవుల్ని?"

"సైకిలాయన్ని."

"తెర మీదే కదా. ఆడికేటవుతాది?"

"బ్రేకు ఎందుకు నొక్కలేదు?"

"కారు దానంతటదే నడుస్తాదన్నావు. అదే ఆగుతాదనుకున్నాను."

"అది ఆగకపోతే నువ్వు ఆపాలని సెప్పినాను కదా! ఠీక్ హై. ఇప్పుడు కారు మాట్లాడతాది. ఏటి సూసిందో, ఏటి సేస్తందో, ఎందుకో సెప్తాది. అలాగ సెప్తే మనుషులు దాన్ని ఎంత నమ్ముతారో సూడ్డమే నా రీసెర్చ్. విను."

"పోనియ్."

"ఎడమవైపు నుంచి సైకిల్ వస్తోంది. దయచేసి మీరు బ్రేకు వేయండి."

"కారుది నీ గొంతు కాదేటి?"

"నాదే. రికార్డు సేసినాను."

"ఇంట్లో ఇంత మర్యాదగా మాట్లాడవేం?"

"రోడ్డు సూడు నాన్నా."

"ఆపినాను. సైకిలాయన బతికినాడు."

"ఒకటి నుంచి ఏడు దాకా, కారుని ఎంత నమ్మినావు?"

"ఏడు."

"ఇందాక మాట్లాడనప్పుడు?"

"అదీ ఏడే."

"గుద్దీసినా ఏడేనా?"

"నీ కారు కదా."

ఇంకో పదిసార్లు నడిపించింది.

"నాన్నా, ఒక మాట. కుడి పక్క ఆవొస్తే కారు సెప్పకముందే ఆపినావు. ఎడమ పక్క ఏదొచ్చినా, సెప్తేనే ఆపినావు. ప్రతీసారీ."

"తెర బాగోలేదు."

"మూడు తెరలూ ఒకటే."

"చాయ్ తాగుదామేటి?"

"కుడికన్ను మూసుకో."

"ఎందుకూ?"

"మూసుకో. ఇవి ఎన్ని వేళ్లు?"

"మూసుకున్నాను."

"ఎన్ని నాన్నా?"

"నీ సెయ్యి ఎక్కడున్నాది?"

"ఎన్నాళ్ల నుంచి?"

"దుర్గాపూజకి ముందు నుంచి. పొగలాగ వచ్చింది. పోతాదిలే అనుకున్నాను."

"డాక్టరుకి సూపించలేదా?"

"సూపిస్తే బండి మానీమంటాడు."

"వ్యాన్ తాళాలు ఇలాగియ్యి."

"మరి రేపు పిల్లల్ని ఎవులు దింపుతారు?"

"స్కూలుకి నేను ఫోన్ సేస్తాను. రేపు మనం కంటాసుపత్రికెళ్తన్నాం. తాళాలు."

"నువ్వు రమ్మన్నావని, సాయం సేద్దామని వచ్చినాను."

"నాన్నా, తాళాలు."

"...ఇదిగో. తీసుకో."

"బండి నిండా పసిపిల్లలు! ఎలాగ నడిపినావు?"

"ఒక్కడికీ గీత పడనియ్యలేదు."

"అదే, ఎలాగని? ఎడమ పక్క కనిపించదు కదా!"

"మీ అమ్మ ఆ పక్కనే కూసుంటాది కదా."

"అమ్మ పిల్లల్ని సూసుకోడానికి కదా వస్తన్నాది?"

"పిల్లల్ని నేను అద్దంలో సూసుకుంటాను. అమ్మ రోడ్డు సూస్తాది."