ఆచూకీ లేని మనిషి

బ్యాంకులో కొత్తగా చేరిన క్లర్కు, నోటీసు బోర్డు అద్దం తుడుస్తున్న పనిమనిషిని ఆపాడు.

"అమ్మా, ఇందులో ఉన్నది మీ ఆయన పేరే కదూ? మీ జీతం కాగితాల్లో చూశాను."

"ఆయన పోయి పదేళ్ళయింది బాబూ. ఆయన పేరు ఇక్కడెందుకుంది?"

"ఆయన దాచుకున్న డబ్బు ఇక్కడే ఉండిపోయింది. ఎవరూ వచ్చి అడగని డబ్బుల జాబితా ఇది. తొమ్మిదేళ్ళుగా వేలాడుతోంది."

"తొమ్మిదేళ్ళా! రోజూ నేను తుడిచే అద్దమే ఇది. నాకైతే చదువు రాదు. ఇంతమంది చదువుకున్నవాళ్ళున్నారే, ఒక్కరికీ నోరు పెగల్లేదా?"

"ఉత్తరం మీ పాత ఇంటికి పంపితే తిరిగొచ్చిందట. 'వారసుల ఆచూకీ లేదు' అని హెడ్ క్లర్కు గారు రాసి సంతకం పెట్టేశారు."

"ఛీ! నెలనెలా నా జీతం కాగితం మీద మా ఆయన పేరు రాసేది ఆ మహానుభావుడే. పొద్దున్నే నా చేతి టీ తాగేదీ ఆయనే."

"పోనీలెండమ్మా, ఈ ఫారం నింపుదాం. మిమ్మల్ని ఎరిగినవాళ్ళు ఒకరు సాక్షి సంతకం చేస్తే చాలు. హెడ్ క్లర్కు గారిని అడగనా?"

"వద్దు బాబూ. నా ఆచూకీ ఆయనకి తెలీదుగా! గేటు దగ్గర చెప్పులు కుట్టే తాతకి తెలుసు, పిలుచుకొస్తానుండు."