హాజరు పుస్తకంలో అనంతయ్య

వనపర్తిలో మాజీ సైనికులకు కంప్యూటర్ నేర్పే శిక్షణ కేంద్రం. క్లాసు వదిలేశారు. లోపల ఇద్దరే ఉన్నారు. ఒకరు హాజరు పుస్తకం రాసే దేవరాజు. ఇంకొకరు ఆయన సైన్యపు స్నేహితుడు అనంతయ్య భార్య పార్వతమ్మ. అమరచింత బస్సు దిగి నేరుగా వచ్చింది.

“పింఛను ఆఫీసుల బతికే ఉన్నడంటుండ్రు అన్నా! నీ భర్త బతికే ఉన్నడు, నీకు పింఛను ఎట్లిస్తం అంటుండ్రు!”

“ముందు కూసో చెల్లె. జర నీళ్లు తాగు.”

“నీళ్లొద్దు.”

“సావు సర్టిఫికెట్ సూపియ్యలేదా?”

“సూపిచ్చిన. మాఘంల పోయిండని అండ్ల ఉంది. మీ సెంటర్ నుంచి పోయిన కాగితాలల్ల మాత్రం ఎండకాలమంత క్లాసుకొచ్చిండు. రోజూ సంతకం. ఏది నిజమో తేల్చుకోని రమ్మన్నరు.”

“కంప్యూటర్ల తప్పు పడుంటది.”

“సంతకం గూడ కంప్యూటరే పెడ్తదా?”

“అది గాదు... చాయ్ తెప్పియ్యనా?”

“పాడె మోసినోనివి నువ్వు. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు, నా కండ్ల ముందలనే పోయిండని. ఆ పింఛను రాకుంటే బిడ్డ సుప్రియను కాలేజి మాన్పియ్యాలె అన్నా.”

“నేనొస్తే... నేనొస్తే అడుగుతరు చెల్లె.”

“ఏమడుగుతరు?”

“ఆ పుస్తకం ఎవరి దగ్గరుంటది అని.”

“ఎవరి దగ్గరుంటది?”

“జర ఇను. ఇరవై మంది ఉంటెనే సర్కారు గ్రాంటు. బావ పోయినంక పంతొమ్మిది మందే మిగిలిండ్రు, గట్లయితే సెంటర్ మూస్తరు. ఇంకోడు దొరికేదాంక ఒక్క నెల అన్నడు మా పెద్దసారు. నాక్కూడ ఈ నౌకరి తప్ప...”

“అంటే?”

“నేనే. బావ సంతకం నేనే పెట్టిన. మొదటి దినం అందరు పోయినంక పెట్టిన. తర్వాత... తర్వాత అందరి ముందలనే. సిగ్గుతోని సస్తున్న చెల్లె. అందుకే ఇన్నొద్దులు అమరచింత దిక్కు రాలే.”

“రాలే. సూసిన.”

“పద, ఇప్పుడే పోదాం. జరిగిందంత రాసిస్త. నౌకరి పోతే పోనీ, కేసైతే కానీ.”

“రాసియ్యి. గా గుండ్రని అచ్చరాలతోనే రాసియ్యి.”

“నా రాత... నా రాత నీకెట్ల తెల్సు?”

“మొన్న ఆఫీసుల ఆ కాగితం సూపెట్టంగనే తెల్సింది. రాయనీకి బద్దకమని ఆయన ఉత్తరాలన్నీ నీతోనే రాయించె గద. బార్డర్ నుంచి వచ్చినయి అన్నీ పెట్టెల ఉన్నయి.”

“తెల్సి గూడ నన్నెందుకు అడిగినవు?”

“నీ నోటితోని చెప్తవో లేదో అని.”

“మాఫ్ చెయ్యి చెల్లె. బావ పేరు మీద గిట్ల అబద్ధం రాస్తనని కలల గూడ అనుకోలే.”

“కొత్తేం గాదు లేన్నా. ఆయన మిలిట్రీ దవాఖానల పడున్న దినాలల్ల గూడ ‘నేను మంచిగున్న పార్వతీ, ఫికర్ చెయ్యకు’ అని నువ్వే రాస్తుంటివి.”