పూలచక్రం ముందొచ్చింది

హలో… ఆ, నేనే. ఎవరూ?… గ్వాంగ్‌రుయి, నువ్వా? నేను, మీ వదినని. నంబరు కొత్తగా ఉంటేనూ…

— నీ పూలచక్రం అందింది నాయనా. మీ మేనేజరు లూ గారూ వచ్చారు, ఇంకా ఇక్కడే ఉన్నారు. చాలా పెద్దరికంగా…

— ఎవరింటికేమిటి? మనింటికే.

…

నువ్వు కట్టించిన స్కూలా? ఎల్లుండి ప్రారంభమా?… అన్నయ్యని వేదిక ఎక్కిస్తావా…

ఆగు. నీకెవరూ చెప్పలేదా?

…

కూర్చున్నావా? ముందు కూర్చో.

మీ అన్నయ్య పోయారు నాయనా. మొన్న మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ ఒరిగిపోయారు. పొద్దునే అస్థికలు కొండ మీద పెట్టొచ్చాం, మీ అమ్మ పక్కన…

…

చేశాను. ఈ నంబరు మాకెక్కడిది? మీ ఆఫీసుకే ఫోన్ చేశాను. ఫోనెత్తిన పిల్లతో, పాన్ గ్వాంగ్‌మావ్ పోయారని మీ ఛైర్మన్ గారికి చెప్పు తల్లీ అన్నాను. సరేనండీ అంది. గంటలో పూలచక్రం వచ్చేసింది.

— ఆ పిల్లనేమీ అనకు. ఊళ్ళో అందరిదీ పాన్ ఇంటిపేరేగా. ఎవరు పోయినా నీ పేరు మీద పంపిస్తారు. అలాగే పంపింది. రిబ్బను మీద 'గ్రామస్థుడు గ్వాంగ్‌మావ్‌కి' అని ఉంది. అన్న అని లేదు…

బాధేసింది. ఎందుకేయదు. సొంతంగా గుండీలమ్ముకున్నా పోలీసులు పట్టుకెళ్ళే రోజుల్లో, మూట నీదైతే, లాకప్పులో కూర్చుంది ఆయన. రిబ్బను మీద అలా నువ్వే రాయించావనుకున్నాను…

…

అంతిమయాత్రలో అన్నయ్య ఫొటో ఎవరు పట్టుకున్నారనా?

పిల్లల్లేని మనిషి. పట్టుకోవాల్సింది తోడబుట్టినవాడే. నీకోసం గుమ్మంలో చూస్తూ నిలబడ్డాను. పెద్దలేమో, 'ఛైర్మన్ గారి తరఫున వచ్చారు, అంతకంటే గౌరవమేముంది' అని…

లూ గారే పట్టుకున్నారు. ముందు ఆయనే నడిచారు. నీకని కుట్టిన సంతాపపు నల్లపట్టీ కూడా ఆయన చేతికే కట్టాను.

…

గ్వాంగ్‌రుయి… వింటున్నావా?

— ఏడు నాయనా, ఏడు. ఆపుకోకు.

— రా. ఒక్కడివే రా. కార్లొద్దు, ఫొటోలు తీసేవాళ్ళొద్దు. ఊరివాళ్ళు లేచి నిలబడితే కూర్చోమను… ఆ, చీకటి పడ్డా ఫరవాలేదు, కొండకి నేను తోడొస్తాను.

ఉంటాను మరి.

…

లూ గారూ, అన్నం తిన్నాక ఆ పట్టీ విప్పి ఇటివ్వండి. తమ్ముడొస్తున్నాడు.