కేబులు దూరే చోట గాలి దూరకూడదు

నా ఈ వీడ్కోలు సభకు పెద్దగా కూర్చున్న మా పెద్ద ఇంజనీరు గారికి, పక్కనున్న ఆసుపత్రి సూపరింటెండెంటు గారికి, ముందు వరసలోని పెద్దలకు, వెనక వరసలో అప్పుడే గడియారం చూసుకుంటున్న మెయింటెనెన్సు మిత్రులకు, ముప్పై మూడేళ్లు నా చొక్కాల వాసన భరించి ఇవాళ మాత్రం కాస్త దూరంగా కూర్చున్న మా ఆవిడకు నమస్కారాలు. (నవ్వులు)

ఇందాకటి నుంచి మాట్లాడినవాళ్లంతా నన్ను ఆకాశానికెత్తేశారు. నేను పని చేసింది మాత్రం భూమి కింద, ఈ ఆసుపత్రి మురుగు గుంటల్లో. తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క చెబుతాను. గుంటలో పంపు ఉంటుంది, గదిలో గోడ మీద కరెంటు ప్యానెల్ ఉంటుంది, రెంటికీ మధ్య గొట్టం, ఆ గొట్టంలో కేబుళ్లు. కేబుళ్లు దూరినంత మాత్రాన గొట్టం నిండదు కదండీ, మిగిలిన సందులోంచి గుంటలోని మండే గ్యాసు మెల్లగా పాకుతూ వచ్చి ప్యానెల్లో చేరుతుంది. పంపు ఆన్ అయిన ప్రతిసారీ ఆ ప్యానెల్లో చిన్న నిప్పురవ్వ పుడుతుంది. మిగతాది నేను చెప్పక్కర్లేదు. అందుకని ఆ సందును, కావాలంటే మళ్లీ తీసేయగలిగే మెత్తటి పుట్టీతో మూయాలి. సిమెంటుతో కాదండోయ్. చేరిన కొత్తలో నేను సిమెంటుతో మూశాను. నెల తిరక్కుండా పంపు పాడైంది, పైకి లాగుదామంటే కేబులు రాదు, చివరికి సమ్మెట తెచ్చి గోడే పగలగొట్టాం. అప్పటి మేస్త్రి గారు, "గట్టిగా మూయమన్నాను గాని సమాధి కట్టమన్నానా?" అన్నారు. (నవ్వులు)

ఆ తిట్లు తిన్నాక తరవాతి పనిలో ఇంత పాత గుడ్డ కుక్కి ఊరుకున్నాను. మూడో వరసలో ఉన్న మా బావ, మా ఆవిడకు స్వయానా అన్నయ్య, నాతో పాటే ఉద్యోగంలో చేరినవాడు, ఆ ప్యానెల్ తలుపు తీసి స్విచ్ వేశాడు. భగ్గుమంది. కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది. విచారణలో, మూసిందాన్ని ఎలకలు లాగేశాయని రాశారు. ఎలకలు పాపం ఏమీ చెయ్యలేదండీ. పెట్టాల్సిన పుట్టీ నేను పెట్టలేదు. ఈ మాట మా ఇంట్లో తెలుసు, సభలో చెప్పడం ఇదే మొదలు.

(మూడో వరస నుంచి: "ఇప్పుడెందుకు బావా అవన్నీ.")

ఇప్పుడు కాక ఎప్పుడు బావా, రేపటి నుంచి నాకు మైకెవరిస్తారు. (నవ్వులు)

పోయిన నెల కొత్త బ్లాకు పంపులు అప్పజెప్పే రోజొచ్చింది. ప్యానెల్ గది గోడకు అవతలే పసిపిల్లల వార్డు. కాంట్రాక్టరు గొట్టాల మూతికి పుట్టీ బదులు ఆరితే గట్టిపడే ఫోము నురుగు కొట్టించాడు, పైకి చూస్తే నిండుగానే ఉంది, లోపల కేబుళ్ల మధ్య నిండిందో లేదో తెలీదు. నేను సంతకం పెట్టనన్నాను. పెద్ద ఇంజనీరు గారు, సార్ ఏమీ అనుకోరు, ముందే అనుమతి తీసుకున్నాను, "నెలలో వెళ్లిపోయేవాడివి, నీకెందుకయ్యా ఈ పంతం, మెమో ఇవ్వాల్సొస్తుంది" అన్నారు. ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ, "పెట్టకండి. మా అన్నయ్య చెయ్యి చూస్తూనే ఉన్నాగా" అంది. ఇంక నాకు కొండంత ధైర్యం.

మర్నాడు అందరి ముందూ, గుంటలోని గాలి బయటికి పోయే గొట్టాన్ని రెండు నిమిషాలు మూయించి, ఇంకా ప్యానెల్‌కు కలపని కేబులు కొసలతో సహా కేబుళ్ల గొట్టం మూతికి పల్చటి ప్లాస్టిక్ కవరు కట్టి, పై అంతస్తుల్లో కొళాయిలన్నీ తిప్పించాను. గుంటలో నీళ్లు లేస్తే గాలి ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. ఒక నిమిషం ఏమీ లేదు. కాంట్రాక్టరు నవ్వాడు. తరవాత కవరు మెల్లగా లేచి, నిలబడి, బెలూనులా ఉబ్బింది. సార్ వంగి చూస్తుండగా నేను ముడి విప్పాను. ఆపైన ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు, హోదాలతో పని లేకుండా అందరం వరండాలోకి పరిగెత్తాం. (పెద్దగా నవ్వులు, ఇంజనీరు గారు కూడా)

నురుగంతా గీకించి పుట్టీ పెట్టడానికి మూడు రోజులు పట్టింది. మళ్లీ కవరు కట్టాం, కదల్లేదు. నేను సంతకం పెట్టాను, నా కింద సార్ పెట్టారు. గెలిచానండీ. చెప్పుకోడానికి నాకేం సిగ్గు లేదు. (చప్పట్లు)

అయినా ఒక దిగులు మిగిలింది. నేను వెళ్లాక 'పెట్టను' అనేదెవరు? నా స్థానంలోకి వస్తున్న మా చెల్లెమ్మ, తోడబుట్టకపోయినా నేనలాగే పిలుస్తాను, అదిగో తలుపు దగ్గర నిలబడింది, పదకొండేళ్లు నాతో పని చేసి నా మాటకు ఒక్కసారి ఎదురు చెప్పలేదు. నా భయమూ అదే. నాకే అడ్డు చెప్పని మనిషి పైవాళ్లకేం చెబుతుంది?

ఇవాళ పొద్దున పాత బ్లాకులో నా ఆఖరి గొట్టం మూసి, రిజిస్టరు ఆవిడ ముందు పెట్టి, "సంతకం పెట్టమ్మా, సభకు టైమవుతోంది" అన్నాను.

"పరీక్ష చెయ్యలేదు కదన్నయ్యా" అంది.

"మూసింది నేనమ్మా."

"మీరైనా సరే" అని కవరు కట్టింది. ఉబ్బిందండీ. రెండు కేబుళ్ల మధ్య అగ్గిపుల్ల దూరేంత సందు వదిలేశాను. నా అనుభవం గురించి ఏదో అనబోయాను. "మీరు సాయంత్రం ఇంటికెళ్లిపోతారు, గ్యాసు ఇక్కడే ఉంటుంది. నేను పెట్టనన్నయ్యా" అంది. కొత్త చొక్కా విప్పి తలుపుకు తగిలించి, మళ్లీ మూశాను. ఆవిడ మళ్లీ కట్టి చూసి, అప్పుడు పెట్టింది సంతకం. సభ అరగంట ఆలస్యమైంది అందుకే, మన్నించాలి. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని ఊరికే అన్నారా.

ఇన్నేళ్లలో నా పని బాగుందన్నవాళ్లు చాలామంది. బాగాలేదని చెప్పి నన్నింత సంతోషపెట్టింది నువ్వొక్కదానివే చెల్లెమ్మా. ఇంక ఈ ఆసుపత్రికి నా అవసరం లేదు. ఆ మాట ఇంత ఆనందంగా అనగలనని నేనెప్పుడూ అనుకోలేదు. అందరికీ కృతజ్ఞతలు. సెలవు.