నలుసు తీసే ఓదవ్వ

ఓదవ్వ నాలికెతోని కండ్లల్ల నలుసు తీసేదంట. మీరు మొఖాలు అట్ల పెట్టకుండ్రి, వినుండ్రి. ఇది ఇయ్యాల్టి ముచ్చట గాదు, మా దిక్కు కంట్ల ఏమన్న పడితే దవాఖానకు పోవాలె అన్న సోయి ఎవలకు లేని దినాలు. కోతలు మొదలైనయంటే ఆమె వాకిట్ల మనుషులే మనుషులు. గడ్డిపోస కొట్టుకున్నోడు, దుమ్ము పడ్డోడు, వడ్ల ముక్కు గుచ్చుకున్నామె, అందరు ఒక కన్ను మూసుకోని వచ్చేటోళ్లు. ఓదవ్వ ఏం చేసేదంటే, బుక్కెడు నీళ్లు పోసుకోని నోరు పుక్కిలించేది, వచ్చినోళ్లను గోడకు ఆనిచ్చి కూసోబెట్టేది, రెప్పను రెండు వేళ్లతోని పట్టి మీదికి తిప్పేది, నాలికె కొసతోని ఒక్కసారి, ఒకే ఒక్కసారి అనుకో, ఇట్ల అని తీసేది. తీసి గోటి మీద పెట్టి చూపెట్టేది. ఇగో, ఇదేనయ్యా నిన్ను ఇంత ఏడిపిచ్చింది అనేదంట. వాళ్లు నవ్వుకుంట పోయేటోళ్లు. ఎవల దగ్గర ఏం పుచ్చుకునేది కాదు. వాళ్లమ్మ దగ్గర నేర్సుకున్నదంట. సచ్చిపోయేటప్పుడు వాళ్లమ్మ, ఎవలొచ్చినా లేదనకు బిడ్డా అన్నదంట. అందుకే అన్నం ముంగట కూసున్నా సరే, కన్ను పట్టుకోని ఎవలన్న వస్తే పళ్లెం పక్కకు జరిపి లేచేది.

ఆమెకు పిల్లలు లేరు. మొగడు పెండ్లయిన ఆరేండ్లకే పోయిండు. సాయిలు అని మరిది ఉండె, ఆ ఇంట్లనే ఈమె ఉండేది. సాయిలుకు పెండ్లయి సారవ్వ అనే పిల్ల వచ్చింది. పదహారేండ్ల పిల్ల, పొయ్యి రాజేసుడు రాదు, నాటు వేసుడు రాదు, కొత్త ఇంట్ల మూలకు కూసోని ఏడ్సేదంట. ఓదవ్వనే దగ్గరికి తీసింది. జడ వేసింది, పని నేర్పింది, ఇద్దరు పిల్లలను కంటె పురుడు పోసింది. చూసేటోళ్లకు తోటికోడండ్లు అని తెల్వకపోయేది, తల్లీబిడ్డలే అనుకునేటోళ్లు. సారవ్వ ఏ పని చేసినా మా అక్కను అడుగుత అనేది, చీర కొన్నా మా అక్కకు చూపెడుత అనేది. అంత నమ్మకం. ఆ నమ్మకం గుర్తుంచుకోండ్రి, ముంగటికి దానితోనే పని ఉన్నది.

ఏమైందంటే, ఒక యాడాది కోతలైనంక కల్లంల వడ్లు తూర్పార పడుతున్నరు. సారవ్వ పీట మీద నిలవడి చాట ఎత్తి గాలికి పోస్తున్నది. గాలి ఒక దిక్కు కొడుతున్నదల్లా ఉన్నట్టుండి మర్లింది. మర్లంగనే పొట్టంత మొఖం మీదికి వచ్చె, చాట కింద పడె, అక్కా అని కుడికన్ను పట్టుకోని కూలబడె. ఓదవ్వ ఉరికివచ్చి ఎప్పటి తీరుగనే నోరు పుక్కిలించి, రెప్ప తిప్పి, తీసింది. గోటి మీద పెట్టి చూపెట్టింది. వడ్ల ముక్కు, ఎంతో లేదు, సూది మొనంత. అయిపాయెనే, లే, అన్నది. సారవ్వ కొంగుతోని కన్నొత్తుకోని మల్ల చాట పట్టింది. ఆ పొద్దు కల్లం అంత అయినదాంక పని చేసింది పాపం.

తెల్లారి చూస్తే కన్ను ఎర్రగ నిప్పు తీరుగ ఉన్నది. నీళ్లు కారుతనే ఉన్నయి, వెలుతురు చూస్తే గుచ్చినట్టు అవుతున్నదంట. ఓదవ్వ నందివర్ధనం పూలు తెంపుకొచ్చి రసం పిండి కంట్ల పోసింది. పక్కింట్ల బాలింత ఉంటె ఆమెను అడిగి చనుబాలు రెండు చుక్కలు పోసింది. అవును, నవ్వకుండ్రి, మీ అమ్మమ్మలను అడుగుండ్రి, వాళ్లూ పోసినోళ్లే. మూడోనాటికి చూస్తే నల్లగుడ్డు మీద ఒక తెల్ల చుక్క కనవడ్డది. పిల్లలకు సూదులు వేసే నర్సమ్మ ఆ దినం ఊర్లెకు వచ్చి ఉండె, ఆమె చూసి, ఇది గాయమైంది, పువ్వు పడుతది, ఇయ్యాల్నే పట్నం కండ్ల దవాఖానకు తీస్కపోండ్రి అన్నది. సాయిలు గూడ పోదాం అన్నడు. ఓదవ్వ ఏమన్నదంటే, ఎన్ని కండ్లు చూసిన నేను, ఎర్రగయినయన్ని పువ్వు పడుతయా, రెండు దినాలు చూద్దాం, దవాఖానల కత్తులు పెడుతరు అన్నది. సాయిలు సారవ్వ దిక్కు చూసిండు. సారవ్వ అప్పటికే ఆ కన్ను మీద గుడ్డ కట్టుకోని ఉన్నది, నొప్పికి పండ్లు కొరుక్కుంటున్నది. అక్క వద్దంటే నేను పోను అన్నది. అంతే. ఆ మాట మీద ఆరు దినాలు పోయినయి.

తొమ్మిదోనాటికి నల్లగుడ్డు సగం సున్నం పూసినట్టు అయింది. కింద చీము పట్టి గీత తీరుగ నిలవడ్డది. నొప్పికి సారవ్వ గోడకు నెత్తి కొట్టుకుంటున్నది. అప్పుడు సాయిలు ఎవలను అడుగలేదు, పొద్దుగాల బస్సుకు ఎక్కిచ్చిండు. అక్క వస్తేనే ఎక్కుత అంటె ఓదవ్వ గూడ ఎక్కింది. తొవ్వ పొడుగునా సారవ్వ నెత్తి ఓదవ్వ భుజం మీద పెట్టుకోని పండుకున్నది, ఓదవ్వ కిటికీ నుంచి వచ్చే ఎండ ఆమె కంటికి తాకకుండ చెయ్యి అడ్డం పెట్టి కూసున్నది.

పట్నంల పెద్ద దవాఖాన. ఒక చీకటర్రల డాక్టరమ్మ ఉన్నది. సారవ్వ గదవను ఒక మిషిని మీద ఆనిచ్చుమన్నది. కంట్ల పసుపుపచ్చ మందు ఒక చుక్క వేసి, నీలం లైటు పెట్టింది. పెట్టంగనే ఆ గాయం ఉన్నకాడ పచ్చగ మెరిసిందంట, ఓదవ్వ పక్కన నిలవడి చూసింది. ఎంత పెద్దగున్నదో అప్పుడు తెలిసింది ఆమెకు. డాక్టరమ్మ అడిగింది, దెబ్బ తాకినంక కంట్ల ఏం పోసిన్రు అని. సారవ్వ, ఏం పోయలేదమ్మా, నీళ్లతోని కడుక్కున్న అంతే అన్నది. డాక్టరమ్మ మల్ల అడిగింది. చూడమ్మా, నేను తిట్టను, ఏం పోసిన్రో చెప్తేనే ఏం మందు పని చేస్తదో నాకు ఎరుకయితది అన్నది. సారవ్వ మల్ల అదే మాట, ఏం పోయలేదు అని. గదవ మిషిని మీద అట్లనే ఉన్నది, చెయ్యి మాత్రం ఎనుకకు చాపి ఓదవ్వ కొంగు పట్టుకున్నదంట, మాట్లాడకు అన్నట్టు. ఇగ చూడుండ్రి ఓదవ్వ ఏం చేసిందో. కొంగు మెల్లగ విడిపించుకున్నది.

"నేనే అమ్మా. నాలికె పెట్టి తీసిన. పసరు పోసిన. చనుబాలు పోసిన. నర్సమ్మ పొమ్మంటె నేనే వద్దన్న."

డాక్టరమ్మ అన్ని రాసుకున్నది. కంటికి తిమ్మిరి మందు వేసి, సన్న కత్తితోని గాయం మీదికెళ్లి ఇంత గీకింది, దాన్ని గాజుబిళ్ల మీద రాసి లోపలికి తీస్కపోయింది. కొంచెం సేపయినంక వచ్చి, రా అవ్వా, చూద్దువు గాని అని ఓదవ్వను పిలిచింది. చిన్నది పెద్దగ చూపెట్టే గొట్టంల కన్ను పెట్టి చూడుమన్నది. చూస్తే సన్న సన్న పోగులు, కొమ్మలు కొమ్మలుగ. గడ్డివాము వానకు తడిస్తే లోపల బూజు వడతది గదా, ఇది అదే అన్నది డాక్టరమ్మ, వడ్ల ముక్కుతోని కంట్లకు పోయింది, కంట్ల మొలిసింది. నా నాలికెతోని పోయిందా అమ్మా అని అడిగింది ఓదవ్వ. డాక్టరమ్మ నిజం చెప్పింది. వడ్ల ముక్కుతోనే పోయి ఉంటది, పసరుతోని ఇంకింత ముదిరి ఉంటది, ఏది ఎంత అని ఎవలు చెప్పలేరు. కాని మొదలు మూడు దినాలల్ల వస్తే చుక్కల మందుతోనే చూపు నిలిచేది అన్నది. నాలికెది తప్పో కాదో తెల్వదన్న మాట ఓదవ్వకు పెద్దగ వినపడలేదు. మూడు దినాలు అన్నది మాత్రం చెవుల పడ్డది, అది మల్ల పోలేదు.

గంటకొక చుక్క వెయ్యాలె, పగలు రాత్రి అనకుండ అన్నరు. ఓదవ్వకు గడియారం చూసుడు రాదు. వార్డుల ఆయమ్మను పట్టుకోని పెద్ద ముల్లు ఎక్కడికి వస్తే గంట అయినట్టో నేర్సుకున్నది. ఇరవై రెండు దినాలు అనుకో, ఆ ముల్లు మీదనే ఆమె పానం. చేతులు సబ్బుతోని కడిగి, కింది రెప్ప గుంజి, చుక్క వేసి, ముంగట కూసునేది. బూజు ఆగింది కాని కన్ను పలుచబడి బొక్క పడ్డది. అప్పుడు ఎవలో సచ్చిపోయినోళ్ల కంటి పొర తెచ్చి కుట్టిన్రు. ఎవలదమ్మా అది అని సారవ్వ అడిగితే, పేరు చెప్పొద్దు, కాని వాళ్లింటోళ్లు ఇచ్చిన్రు అన్నరంట. సారవ్వ తెల్వని ఆ మనిషికి రెండు చేతులెత్తి మొక్కింది. ఆ పొర నాలుగు నెలలు మంచిగున్నది, ముంగట చూపెట్టిన వేళ్లు లెక్కవెట్టేది. తర్వాత అదీ మబ్బు పట్టింది. కన్ను అయితే దక్కింది, నొప్పి పోయింది, చూపు పోయింది. వెలుగు చీకటి తెలుస్తది, మనిషి తెల్వడు. బయటికి చూస్తే నల్లగుడ్డు ఉన్నకాడ తెల్ల పువ్వు.

ఇంటికి వచ్చినంక ఏమయిందంటే, ఏం కాలేదు. అదే ఓదవ్వకు పెద్ద బాధ. సారవ్వ ఒక్క మాట అనలేదు. ఎప్పటి తీరుగనే అక్కా అని పిలిచేది, కూర వండితే ఉప్పు చూడు అని పెట్టేది. కాని ఒంటి కన్నుకు దూరం దగ్గర తెల్వదు గదా, గిలాసల నీళ్లు పోస్తే పక్కకు పడేవి. సూది ఎక్కిస్తే దారం పక్కకు పోయేది. గడప తాకి పడేది. ఓదవ్వ చూసి చప్పుడు చెయ్యకుండ గిలాస ఇంత జరిపేది. ఒకనాడు పొయ్యికాడ ఇద్దరే ఉన్నరు. సారవ్వ గంజి వంపుతుంటె చేతి మీద పడి కాలింది. ఓదవ్వ ఆ చెయ్యి నీళ్లల్ల ముంచి పట్టుకోని ఇగ ఆగలేకపోయింది. నన్ను ఒక్కసారి తిట్టరాదే అన్నది, ఊరంత వినేటట్టు తిట్టు, నా మనసుకు ఇంత తక్కువయితది. సారవ్వ చెయ్యి గుంజుకోలేదు. నీళ్లల్ల చూసుకుంటనే అన్నదంట.

"తిడితే నీకు తక్కువయితదక్కా. నాకేమైతది?"

కోపం లేదు ఆ మాటల. ఉన్న మాట చెప్పింది అంతే. ఓదవ్వ మల్ల ఎన్నడు అడుగలేదు.

మరుసటేడు కోతలకు మల్ల మనుషులు వచ్చిన్రు కన్ను పట్టుకోని. ఓదవ్వ ముట్టలేదు. కాచి చల్లార్చిన నీళ్లు గిన్నెల పోసి, అండ్ల కన్ను తెరిచి కడుక్కోండ్రి, పోకపోతే దవాఖానకు నడువుండ్రి అనేది. కొందరు తిట్టిన్రు, ఓదవ్వకు గర్వం వచ్చింది అని. కొందరు నాలికె మహిమ పోయింది పాపం అన్నరు. అననీయి అన్నది. కన్ను ఎర్రగున్నోళ్లను తానే బస్సు ఎక్కిచ్చి, పక్కన కూసోని, ఆ చీకటర్ర దాంక తీస్కపోయేది. మొఖం చూసి డాక్టరమ్మ, ఎన్నో దినం అవ్వా అని అడిగేదంట. మొదటి దినమే అమ్మా అని చెప్పేది. అట్ల ఎంతమందికి కండ్లు నిలిచినయో ఎవలు రాసుకోలేదు.

పదిహేనేండ్లు గడిచినయి. ఓదవ్వ ముసలిదయింది, రెండు కండ్లకు శుక్లాలు వచ్చినయి. దీపం చూస్తే చుట్టు పొగ, మనుషులు మంచుల నిలవడ్డట్టు. ఆపరేషన్ చేపిస్త పా అని సారవ్వ అంటె వద్దు అన్నది. ఇంతమందిని తీస్కపోయినదానివి, నీకెందుకు భయం అంటె భయం కాదు అన్నది, ఎందుకో చెప్పలేదు. ఏడాది అట్లనే గడిచింది. తుదకు ఒకనాడు సారవ్వ చెయ్యి పట్టుకోని, నాకున్నది ఒక్కటి, దానితోని ఇద్దరికి తొవ్వ చూడాల్నంటె నాతోని కాదక్కా అన్నది. ఆ మాటకు లేచింది ముసలామె.

మునుపటి కాలం కాదు గదా, పావుగంట పని అంట. మొదలు ఒక కంట్ల మబ్బు పట్టిన బిళ్ల తీసి కొత్త బిళ్ల పెట్టిన్రు. తెల్లారి కట్టు విప్పిన్రు. ఎదురుంగ సారవ్వ కూసోని ఉన్నది, అక్కా కనవడుతున్ననా అని ముంగటికి వంగింది. కనవడ్డది. నెరిసిన వెంట్రుకలు కనవడ్డయి, మొఖం మీద గీతలు కనవడ్డయి, కుడికంట్ల ఆ తెల్ల పువ్వు పాలపొర తీరుగ స్పష్టంగ కనవడ్డది. మంచుల సారవ్వ రెండు కండ్లూ ఒక్క తీరుగనే కనవడుతుండె, ఇన్ని దినాలు. అందుకే ముసలామె వద్దన్నది, మీకు ఎరుకైందా? ఓదవ్వ రెండు చేతులతోని ఆ మొఖం పట్టుకోని, కన్ను పక్కకు తిప్పకుండ చూసిందంట. ఏడ్వకక్కా, కొత్త కన్ను, ఏడ్వొద్దని చెప్పిన్రు అన్నది సారవ్వ. ఏడుస్తలేనే, చూస్తున్న అన్నది.

ఇగ అంతే. మంచిగయిందా చెడ్డగయిందా అని నన్ను అడుగకుండ్రి, వాళ్లనే అడుగుతె వాళ్లూ చెప్పలేరు. ఇద్దరు ఆ ఇంట్లనే ఉన్నరు, మొన్న నేను పోయినప్పుడు గూడ ఒకామె బియ్యం ఏరుతున్నది, ఒకామె ఎదురుంగ కూసోని ముచ్చట పెడుతున్నది. నాకు చాయ్ ఇచ్చిన్రు. అదిగో ఆ కొసకు కూసున్నాయన అప్పటిసంది కన్ను నలుస్తున్నడు, కథకు ఏడుస్తున్నడో దుమ్ము పడ్డదో నాకు తెల్వదు. నలువకు నాయినా, పోయి నీళ్లతోని కడుక్కో. పొద్దుగాలకు గూడ ఎర్రగుంటె బస్సు ఎక్కు. నా దగ్గరికి రాకు, నాకు కథలు చెప్పుడే వస్తది.