మొదటి రకం అలారం

నేను పిసినారితనం సేసి సంఘం గొడౌనుకి నాసి అలారం పెట్టించానన్న కథ నాకు మొదట సెప్పింది యర్రమ్మ. మా వీధి మనిషే. కాఫీ పళ్లు ఏరుతూ సెప్పింది, నా మొకమైనా సూడకుండా. ఆరోజు నించీ దానితో మాట మానేశాను.

కూర్సోండి బాబూ. ఇన్సూరెన్సు ఆఫీసరుగారు ఇంత కొండెక్కి వచ్చి నిలబడి రాసుకోడం ఏటి? ఆ స్టూలు లాక్కోండి.

ఒకటో గ్రేడు ఎందుకు పెట్టించావనే గదా మీరడిగింది? సెప్తాను. ఈ సంఘానికి నేను ప్రెసిడెంటుని. సంతకం తప్ప రాత రాదు, దాపరికం లేదు. గింజ సంగతి మాత్రం నన్నే అడగాలి. ఎర్రగా పండింది మొదటి రకం. దోరది రెండు. నీళ్లలో తేలింది మూడు. బుద్ధెరిగిన కాడ్నించీ అదే లెక్క. ఈ కొండ మీద మూడో రకం కావాలని అడిగినోడెవడైనా ఉన్నాడా?

ఉన్నాడు. మా సెక్రటరీ మల్లేశు.

అలారాలు బిగించే శివకుమార్ విశాఖపట్నం నించొచ్చాడు. నాలుగు గ్రేడులున్నాయి పెద్దాయనా, ఏది కావాలన్నాడు. నేను నోరు తెరిసేలోగా మల్లేశు మూడన్నాడు. నాకు తల తీసేసినట్టయింది. మా కాఫీ దాసే గొడౌనుకి మూడో రకమా? ఒకటే పెట్టు, ఇంకో మాట లేదన్నాను. ఆ శివకుమార్ ఏదో సెప్పబోయాడు. సెప్పనిచ్చానా? నా సంగతి ఊరందరికీ తెలుసు.

ఏటి నవ్వుతారు?

అలారం లెక్క తిరగేసి ఉంటాదని దొంగ పడ్డాకే తెలిసింది. సరుకుని బట్టి కాదంట, వచ్చే దొంగని బట్టంట. ఒకటోది ఉత్త సేతుల్తో వచ్చేవాడికి. రెండోది గునపం తెచ్చుకుని, కాస్త పని తెలిసినోడికి. మూడోది అలారం గుట్టు తెలిసినోడికి. నాలుగైతే పెద్ద ముఠాలకంట. దొంగకి పనితనం పెరిగేకొద్దీ నంబరు పెరుగుతాది.

మా దొంగ మూడోవాడు బాబూ. మనిషి కదిలితే పసిగట్టే కన్నొకటి ఉంటాది సూడండి, గోడ మీద. సంతరోజు జనంలో కలిసి గొడౌన్లోకొచ్చి దానికి గోనెముక్క తగిలించి పోయాడు. మూడో గ్రేడు కన్నయితే మూసినప్పుడే గోల పెట్టేదంట. మాది గుడ్డిదై ఊరుకుంది. తర్వాత తీరిగ్గా వచ్చి బస్తాలు మోసుకుపోయాడు.

రేపు సంఘం మీటింగు. నన్ను దింపి మల్లేశుని కూర్సోబెడతారంట. దింపుకోనీండి. కుర్సీ ఏటి, సెక్కే గదా. పిసినారని పేరెట్టి దింపితే మాత్రం ఊరుకోను.

మీరు సరిగ్గా రాయండి బాబూ, రేపు మీరే అందరి ముందూ సదవండి. ఈ భీముడు డబ్బు మిగుల్సుకోడానికి కాదు, అన్నిట్లోకీ మంచిది కావాలనే ఒకటి అడిగాడని. మల్లేశు మూడడిగాడని కూడా రాయండి, నేను అబద్ధం రాయించను. ఎందుకడిగాడో కూడా రాయండి. గ్రేడు తెలిసి కాదు. శివకుమార్ సూపించిన బొమ్మల్లో మూడో పెట్టెకి దీపాలెక్కువున్నాయని.

దీపాలు సూసి అడిగినోడు తెలివైనోడంట. రాయండి.